మూడో రేకు, నాలుగో రేకు

ఆగస్టు 20, 2024. ఉదయం 6.10
తేజస్వినికి ఒళ్లు వెచ్చగా ఉందట. థర్మామీటర్ పెట్టాను. 99. పైన పాయింటు తర్వాతి పాళ్లు లెక్కలోకి రావు. కాలేజీ ల్యాబులో ఫర్నేస్ వంతు ఈ రోజు పోతే మళ్లీ నెల దాకా రాదు, లేచి బస్సెక్కు అన్నాను. ఈ ఇంట్లో జ్వరం రావాలన్నా నీ పర్మిషన్ కావాలి అమ్మమ్మా అని నవ్వుతూ చెప్పులేసుకుంది.

ఆగస్టు 27
డెంగీ. బందరులో తమ వల్ల కాదన్నారు, విజయవాడ తీసుకెళ్లాం. ప్లేట్‌లెట్లు పదకొండు వేలు.

ఆగస్టు 29
తెల్లవారుజాము 4.35కి పోయింది.

సెప్టెంబర్ 21
పిల్ల గైడ్ మోహనకృష్ణ గారు వచ్చారు. ఎం.టెక్ ప్రయోగాలన్నీ పూర్తి చేసిందట. నోట్‌బుక్కులోని పట్టికలు ఎవరైనా శుభ్రంగా రాసిస్తే పేపరు పిల్ల పేరుతోనే కాన్ఫరెన్స్‌కు పంపుతారట. ఆ చేతిరాత మీకు తప్ప అర్థం కాదండీ అన్నారు. మా అమ్మాయి సుమతి వద్దంది. నా కూతురి పుస్తకం నువ్వు ముట్టుకుంటే మళ్లీ మనిషివి కావమ్మా అంది. రాస్తానన్నాను.

సెప్టెంబర్ 24
నోట్‌బుక్కు తెరిచాను. కార్ల తలుపుల పక్క స్తంభాలకు వాడే ఉక్కు. రేకును ఎర్రగా కాల్చి, చల్లటి డై అచ్చులో పెట్టి నొక్కితే ఆకారానికి ఆకారం, గట్టికి గట్టి. కార్బన్ పెరిగితే గట్టిదనం పెరుగుతుంది. మాంగనీసు, క్రోమియం ఉంటే కాస్త నిదానంగా చల్లారినా గట్టిపడుతుంది. పేజీ అంచున సాంబారు మరక. తింటూ చదవొద్దని ఎన్నిసార్లు చెప్పాను.
అంకెలు ఒక్కోటి ఒక్కో పొడుగు. ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, ఇది నాకు పడదు. అన్నీ రెండు దశాంశాలకు సవరించాను.

సెప్టెంబర్ 29
పంపాను.

అక్టోబర్ 3. ఉదయం
మోహనకృష్ణ గారి ఫోను. మూడో రేకులోనూ నాలుగో రేకులోనూ కలిపిన మూలకాలు ఒక్కటే ఉన్నాయి, గట్టిదనం మాత్రం ఒకటి 285, ఒకటి 472, ఇదెలా అండీ అన్నారు. పిల్ల పొరపాటు పడి ఉంటుందన్నాను.
ఆ మాట నేనే అన్నాను.

మధ్యాహ్నం
నోట్‌బుక్కు తీశాను. మూడో రేకులో బోరాన్ లేదు. నాలుగో దాంట్లో 0.003 శాతం. నేను రెండింటికీ 0.00 వేశాను.
పక్కన తేజస్విని రాసుకుంది: లక్షలో మూడు పాళ్లే! రేణువుల అంచుల్లో చేరి, చల్లారేటప్పుడు ఉక్కును మెత్తబడనివ్వదు. టైటానియం కాపలా లేకపోతే నైట్రోజన్ దీన్ని కాజేస్తుంది.
దాని కింద: అమ్మమ్మ నమ్మదు.

అక్టోబర్ 4
పట్టిక మళ్లీ రాసి, నేనే కాలేజీకి తీసుకెళ్లాను. బస్సులో పెడన దాటేదాకా సీటు దొరకలేదు. మీ మనవరాలు కూడా రోజూ ఇలాగే నిలబడేది మామ్మగారూ, ఎవరన్నా ముసలాళ్లెక్కితే లేచిపోయేది అన్నాడు కండక్టర్. నాకెప్పుడూ చెప్పలేదు. ఆ రోజు కూడా నిలబడే వెళ్లి ఉంటుంది.
తప్పు నాదని మోహనకృష్ణ గారికి చెప్పాను. పర్లేదండీ, చిన్నదే అన్నారు.
కాదన్నాను.

అక్టోబర్ 5
ఈ డైరీలో ఆగస్టు 20 పేజీ తీశాను. 99 మీద ఒక అడ్డగీత కొట్టాను. పక్కన 99.4.