తేదీ లేని ఆర్డర్

జూన్ 9

స్టాక్ హెడ్ పోస్టు ఈసారి కంప్యూటర్ గేమ్ ఆడించి ఇస్తారట. మా పబ్లికేషన్స్ ఓనర్ ధర్మారావు గారు పొద్దున చెప్పారు. నాలుగు టీములు, మూడు రోజుల ట్రైనింగ్, నారాయణగూడలో ఒక హోటల్ హాలు. పద్దెనిమిదేళ్లుగా అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల పక్క షాపులకు గ్రూప్స్ గైడ్లు పంపిస్తున్నది నేను. ఆ కుర్చీ నాదే అనుకున్నాను. ఒళ్లు మండింది.

జూన్ 10

ఎంబీఏ చదివిన అనురాగ్ చురుకైన వాళ్లందరినీ ఏరుకున్నాడు. నాకు మిగిలింది ప్యాకింగ్ బాలప్ప. మహబూబ్‌నగర్ మనిషి, ఇంగ్లిష్ రాదు. అతన్ని ఊరికే చూస్తూ కూర్చోమంది ట్రైనర్ సంయుక్త. కుదరదన్నాను. స్క్రీన్ మీద వచ్చిన ప్రతి ముక్కా అతనికి తెలుగులో చెప్పాను.

టీముకొక ఉత్తుత్తి స్కూల్ బ్యాగుల కంపెనీ. రౌండుకో వార్త వస్తుంది. దాన్ని బట్టి ఎన్ని బ్యాగులు చేయించాలో కొట్టాలి. మిగిలిపోతే మునిగినట్టే.

సాయంత్రానికి మాదే ఆఖరి స్థానం. చిక్కడపల్లిలో ఇంటిదాకా నడిచే వచ్చాను, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక.

జూన్ 11, మధ్యాహ్నం 1:15

లంచ్‌లో రాస్తున్నాను.

వార్త వచ్చింది: సర్కారు బడులకు లక్ష బ్యాగులు కొంటారట. హాలంతా చప్పట్లు. అనురాగ్ ఫ్యాక్టరీకి డబుల్ షిఫ్ట్ పెట్టాడు. నేనూ లక్ష కొట్టబోయాను. బాలప్ప ఆపాడు. జర ఆగక్కా, తేదీ ఏమన్న ఇచ్చిండ్రా, అన్నాడు. మళ్లీ చదివాను. లేదు. తేదీ లేకుంటే నోటిఫికేషన్ లేనట్టే గదక్కా, మనకెర్క లేదా, అన్నాడు.

ఎందుకు ఎరుక లేదు! ఇలాంటి వట్టి మాట నమ్మే ఒకప్పుడు ఆరు వేల గైడ్లు వేయించాను. పరీక్ష వాయిదా పడింది, సిలబస్ మారింది, గైడ్లు తూకానికి పోయాయి. మూడు నెలలు ఆఫీసులో తలెత్తలేదు.

ఐదు వేల బ్యాగులే కొట్టాను. అనురాగ్ తొంగిచూసి నవ్వాడు.

జూన్ 11, 4:30

వాయిదా! ఆర్డర్ వాయిదా!

జూన్ 12

గెలిచాం. మిగతా మూడు కంపెనీలూ అమ్ముడుపోని బ్యాగుల కింద కూరుకుపోయాయి. ఏ మోడల్ వాడారని సంయుక్త అడిగింది. అశోక్‌నగర్ మోడల్ అన్నాను. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆ ఆరు వేల గైడ్ల సంగతి నేనే అందరి ముందూ విప్పాను. సిగ్గు వేయలేదు. మైకు పట్టుకుని బాలప్ప పేరు రెండుసార్లు చెప్పాను.

ధర్మారావు గారు లేచి, ఇగ స్టాక్ హెడ్ నళినే, అన్నారు. నాకు నేనే దిష్టి తీసుకోవాలనిపించింది.

బాలప్ప మెట్ల దగ్గర నిలబడి భార్య మాసమ్మకు ఫోన్ చేశాడు. మా కంపెనీ గెల్సిందే, అంటున్నాడు. మా కంపెనీ! అది విని కళ్లు తుడుచుకున్నాను.

జూన్ 30, పొద్దున 11:10

అనురాగ్ ప్రెస్‌కు పంపాల్సిన ఆర్డర్ తెచ్చాడు. పది వేల గైడ్లు. నోటిఫికేషన్ ఈ వారమే పక్కా మేడమ్, లైబ్రరీల చదివే పిల్లలంత గదే మాట, అన్నాడు. తేదీ అడిగాను. లేదు.

పది వేలు కొట్టేసి వెయ్యి అని రాశాను. ఇది ఆట కాదు, లెక్క తప్పితే పోయేది నిజం డబ్బు. అయినా సంతకం పెట్టాను.