ఆక్స్‌ఫర్డ్ వానలో ఊడిన ఫోటో

1983 ఆగస్టు, ఆఖరి శనివారం
ఆక్స్‌ఫర్డ్, హోటల్ గది

విదేశీ పర్యటనలో కుటుంబ పత్రాలన్నీ కుటుంబ పెద్ద శరీరంపైనే భద్రపరచబడవలెనని నేను బయలుదేరకముందే నిర్ణయించి, ప్రకటించి, అమలు జరిపాను. ఈనాటి వానలో కళాశాలలన్నీ తిరిగాం. గడ్డిపై నడవరాదన్న బోర్డును గౌరవించి ప్రతి ప్రాంగణాన్నీ చుట్టివచ్చినందున, నా కోటు జేబులోని పాస్‌పోర్టులు నాతోపాటు తడిశాయి. నాదీ, అమ్మాయి సుధదీ తట్టుకున్నాయి. నా భార్య లలిత ఫోటో మాత్రం ఊడి చేతికొచ్చింది.

లలిత కంగారు పడలేదు. అమెరికాలో మేముండే క్లీవ్‌లాండ్ నుంచి మోసుకొచ్చిన రైస్ కుక్కర్‌లోంచి నాలుగు మెతుకులు తీసి, మెదిపి, తన ముఖాన్ని తానే అంటించుకుంది.

"మమ్మీ, ఇది ఫెడరల్ క్రైమ్ కాదా?" అంది సుధ.

"ఊరుకోవే! మా పెళ్ళి శుభలేఖల కవర్లన్నీ మెతుకులతోనే అంటించాం. ఒక్కటైనా ఊడిందేమో అడుగు మీ నాన్నని."

ఊడలేదని సాక్ష్యమిచ్చాను. కానీ ఆ కవర్లను ఏ ఇమిగ్రేషన్ అధికారీ దీపం కింద పెట్టి చూడలేదు. రేపు న్యూయార్క్‌లో దిగగానే అక్కడి అధికారి ఫోటో అంచును గోటితో గీకితే? పైగా అది కాస్త వంకరగా అతుక్కుంది. మా ఇద్దరినీ పంపించి, ఆమెను మాత్రం పక్కన నిలబెడితే... సోమవారం సుధకు స్కూలు. నాకు జడ వేయడం కూడా రాదు.

కావున ఇందుమూలముగా నిర్ణయించడమైనది: ఫోటో ఊడినను, వంకరపోయినను, భార్య భార్యగానే పరిగణింపబడును. ఇది అంతిమం. దీనిపై అమెరికా ప్రభుత్వానికి సైతం అప్పీలు చేసుకొను హక్కు లేదు.