పునీతుడికి అంటించిన పచ్చ స్టిక్కరు

తనిఖీ అధికారి దోన్ ఎలీహియో గారికి,

పోయిన మంగళవారం మీరు కరెంటు వస్తువుల తనిఖీకి మా ఊరి ఆసుపత్రికి వచ్చినప్పుడు, నెలలు నిండని పిల్లల గదిలో గాజుపెట్టె పక్కన కూర్చున్నది నేనే. పెట్టెలో ఉన్నది నా కూతురు. ఆ రోజు మీ ముందు నోరెత్తలేకపోయాను. చదివింది మూడో తరగతి, తప్పులుంటే మన్నించండి.

మీరు గుమ్మం దాటలేదు. గొట్టంతో చల్లటి తెరెరే తేనీరు పీలుస్తూ, "ఆసుపత్రిలో వాడవచ్చు" అని రాసున్న పచ్చ స్టిక్కర్ల చుట్ట నర్సు సెల్సాకిచ్చి, "కరెంటు వస్తువులన్నిటికీ నువ్వే అంటించెయ్యమ్మా, ఎండ చంపేస్తోంది" అన్నారు. ఆమె బుద్ధిమంతురాలు. గదిలోని ప్రింటరుకు అంటించింది, ఫ్యానుకు అంటించింది, పాదాల దగ్గర చిన్న బల్బు వెలుగుతుందని పునీతుడు సాన్ రామోన్ బొమ్మకూ అంటించింది. ఇప్పుడాయన్ని కూడా ఆసుపత్రిలో వాడవచ్చట. సంతోషం.

ప్రింటరు మాత్రం ముట్టుకుంటే షాకు కొడుతోంది. దాని ప్లగ్గూ, పాప పెట్టె ప్లగ్గూ ఒకే బోర్డులో ఉన్నాయి. దాంట్లో కాగితం అచ్చు తీసినప్పుడల్లా పెట్టె ఆగిపోతోంది. నిన్న రెండుసార్లు పాప పాదాలు చల్లబడ్డాయి. చెబితే సెల్సా, "స్టిక్కరు కనబడట్లేదా? తనిఖీకొచ్చిన ఇంజనీరుగారి కంటే నీకెక్కువ తెలుసుటే?" అంది.

అందుకే ప్రింటరు ప్లగ్గు పీకి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అందరూ తిడుతున్నారు. లేవను. మీరు రండి. పాప పెట్టెను వేరే బోర్డుకు మార్పించి, నేనే ఈ ప్లగ్గు పెడతాను. మీరు ప్రింటరు మీద అరచెయ్యి ఆనించండి. అప్పటికీ బాగుందంటే, స్టిక్కరు మీ చేత్తో అంటించండి.

ఇట్లు,
మూడో పెట్టెలోని పాప తల్లి