నాలా అవతలి ఆడబిడ్డ

ఉప్పల్,
12 మే 2007.

దీపక్కకు, లక్ష్మీకాంత్ బావకు తమ్ముడు శివ నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికే కూర్చున్నాను గానీ, ఇంట్లో సంగతి అలా లేదు. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు. అందుకే ఈ రాత్రికే మన పక్కింటి ఉమ చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతాను. చించేసే ముందు ఒక్కసారి చదువు.

రోడ్డు వెడల్పులో కదిలిన ఊరి నడిబొడ్డు దేవత బొడ్రాయిని రేపు మళ్లీ నిలుపుతున్నారు. నీకు తెలియనిదేముంది, ఊరి ఆడబిడ్డలందరినీ పుట్టింటివాళ్లు పిలవాలి. తెల్లవారుజామున పొలిమేర చుట్టూ బలి అన్నం, అదే పొలి, చల్లాక బయటివాళ్లెవరూ లోపలికి రాకూడదు. అసలు పొలిమేర ఎక్కడన్నదే ఇప్పుడు గొడవ. బాపు పంచాయతీ మెంబరుగా ఉన్నప్పుడు ఊరు మురుగునీటి నాలాతో అయిపోయేది. తర్వాత మున్సిపాలిటీ అయి, నాలా అవతలి మీ కాలనీతో సహా ఎక్కడెక్కడి కాలనీలు వచ్చి కలిశాయి. మొన్న ఏప్రిల్‌లో ఆ మున్సిపాలిటీ కూడా పోయి గ్రేటర్ కార్పొరేషన్‌లో ఒక సర్కిల్ అయ్యాం.

నిన్న పెద్దమనుషులంతా కూర్చున్నచోట పోశయ్య పెదనాన్న, హన్మయ్యా, నీ బిడ్డను పిలిచినవా అని అడిగాడు. మన బాపు కండువా దులుపుకుని, ఊరే లేదు, ఇగ ఊరి ఆడబిడ్డ యాడికెల్లొస్తది, సర్కిల్‌కు ఆడబిడ్డలుంటరా అని లేచి వచ్చేశాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నువ్వు ఆంధ్ర అబ్బాయిని చేసుకున్నావన్న పంతం పెళ్లయి మూడేళ్లయినా ఆయనకు దిగలేదు. అమ్మ వంటింట్లో గిన్నెల మీద కోపం తీర్చుకుంటోంది.

పిలవకపోయినా వస్తానని ఉమతో అన్నావట. నా భయమంతా అదే. నాలా అవతల ఉన్నదానివి, కడుపుతో ఉన్నదానివి, పదిమందిలో బాపు నిన్ను వెనక్కి పొమ్మంటే నేను చూడలేను. రావద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు. రేపొక్కరోజు ఆగక్కా, ఎల్లుండి డ్యూటీ దిగాక నాచారం నుంచి నేరుగా మీ ఇంటికే వస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు
శివ

తా.క.: ఆదివారం పొద్దున. రాత్రి ఉమకు ఇవ్వడానికి మనసొప్పలేదు, ఉత్తరం ఇంకా నా జేబులోనే ఉంది. పాత మెంబరు కాబట్టి హద్దు తెలుసని బాపునే ముందు నడిపించారు. నాలా దగ్గర పోశయ్య పెదనాన్న ఆగి, మన పొలిమేర గీడికే గదా అన్నాడు. బాపు ఆగలేదు. నాలా దాటి, మీ కాలనీ చుట్టూ తిరిగి, మీ ఇంటి వెనక గోడకు అవతలి నుంచి పొలి చల్లించాడు. ఇదేందే హన్మయ్యా అంటే, అంతా ఒక్కటే జేసిన్రు గదా, ఇంక నాలా ఏం హద్దు అని కసురుకున్నాడు. అక్కను పిలవలేదు గదా బాపూ అని మెల్లగా అడిగాను. ఊళ్లె ఉన్న పిల్లను పిలుసుడేందిరా, దానికి ఇంటి తొవ్వ తెల్వదా అన్నాడు, నా మొహం చూడకుండా.