ఒక్కపొద్దు నాడు రాజన్న వంట

బర్కా (ఒమన్), శనివారం రాత్రి

నీకు పిల్లలు లేరని ఊరి సర్కారు బడి మూతపడుతుంటే చూస్తూ కూర్చున్నావా? అయితే దానికి తాళం వేస్తున్నది నువ్వే!

మధ్యాహ్నం రూమ్‌లో రాజన్నను ఇలాగే కడిగేశాను. మా ఊరి సర్పంచ్ అతని తమ్ముడే. రేపటి గ్రామసభలో ఆ తమ్ముడు బడి మూతకు అడ్డం తిరిగితే బడి నిలుస్తుంది. ఒక్క ఫోన్ చేయమంటే, గరిటె తిప్పుతూ ఈ మహానుభావుడి జవాబు:

"నాకు పిల్లల్లేరు, జెల్లల్లేరు. మంది పిల్లల సదువుకు నేనెందుకు కొట్లాడాలె సారూ?"

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో అందరి పన్నుతో అందరి పిల్లలకూ ఉచిత బడి కావాలని జనం పోరాడితే, ఆస్తిపరులు అన్నదీ ఇదే! ఆ చరిత్రంతా చెప్పాను. ఆవులించాడు.

అంతలో పప్పు దించి, మా ఇంకో రూమ్‌మేట్‌తో, "కరీం భాయ్, జర ఉప్పు సూడు. నాకియ్యాల ఒక్కపొద్దు" అన్నాడు.

దొరికాడు!

"నువ్వు తినని పూట మాకెందుకు వండుతున్నావు రాజన్నా?"

"ఇయ్యాల నా వంతు గదా!"

"బడి కూడా అంతే!"

"ఫస్ గయా రాజన్నా!" అంటూ కరీం భాయ్ పడీపడీ నవ్వాడు. రాజన్న గుర్రుగా చూసి, చేతిలో గరిటె ఉండగానే తమ్ముడికి ఫోన్ కలిపాడు.

"సూద్దాం అంటుండు సారూ."

చూద్దాం అంటే ఏమిటి? నిలబడతాడా, జారుకుంటాడా? రాజన్న చేత రేపు పొద్దున్నే మళ్లీ ఫోన్ చేయించి ఇవి చెప్పించాలి:

బడి మూయొద్దు.
తరగతికో టీచరును ఇవ్వాలి.
ఏ పిల్లల దగ్గరా పైసా అడగొద్దు.
పిల్లలు లేనివాళ్లు కూడా సభకు రావాలి.