పూడ్చిన గొయ్యి

అమ్మా, క్షేమంగా చేరాను. విమానాశ్రయం నుంచి దారంతా మంచు పడుతున్నా బండి జారలేదు, కంగారుపడకు.

యూనివర్సిటీలో మంచు పాఠాలు చెప్పే ఉద్యోగం కదా, ఇంటర్వ్యూ కొండమీదే పెట్టారు. మంచులో ఛాతీలోతు గొయ్యి తవ్వి, ఏ పొర ఎందుకు జారిపడుతుందో చెప్పాను. ప్రొఫెసర్లందరూ తలలూపి, డీన్‌తో భోజనానికి దిగిపోయారు. గొయ్యి మాత్రం నోరు తెరుచుకుని ఉంది. స్కీయింగ్‌కు వచ్చినవాళ్లు అందులో పడితే? మన పశువుల గేటు దగ్గర నువ్వు అరిచే అరుపే చెవిలో మోగింది: "తెరిచింది నువ్వేగా, మూసేదెవరే, మీ తాతా?"

పూడ్చి వెళ్లేసరికి ఆలస్యమైంది. తడిసిన నా ప్యాంటు చూసి డీన్ గడియారం చూసుకున్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. అప్పుడే పెద్ద ప్రొఫెసరమ్మ లొరెటా తన కేకు ముక్క నా ముందుకు తోసింది. "తినవే పిల్లా. నీకంటే ముందొచ్చిన ఇద్దరి గోతులూ నేనే పూడ్చాను, నడుం పడిపోయింది."

ఎర్రావు ఈనిందా? ఆ మోకాలితో గడ్డిమోపులు ఎత్తకు, పక్కింటి ఓర్విల్‌ని పిలువు. అతన్ని అడిగానని చెప్పు. రేపే తిరుగు విమానం, ఇంటికి రాలేను; నా ఉన్ని మేజోళ్లు నార్వేకే పంపు.

ఈ ఉద్యోగం వస్తే నార్వే వదిలి మన మోంటానాకే వచ్చేస్తాను. ఇక్కణ్ణుంచి ఇల్లు రెండు గంటల దారే. ఆ రోజు మాత్రం గేటు తెరిచే ఉంచమ్మా. నేనే వచ్చి మూస్తాను.

ముద్దులతో,
నీ థేయా