నిఖా పేజీ ముందు రావాలి

ఏమండీ, అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి జమ్మలమడుగు పోతున్నాను. అబ్దుల్ సలాం అన్న కూతురి పెళ్లి కార్డు ఈ సాయంత్రమే ప్రెస్సుకు పోవాలి. ముందు ఆ పని చూడండి.

పులివెందుల స్నేహితుడు ఇచ్చిన ప్లగిన్లన్నీ మీరు ఒకేసారి వేశారు. అప్పటినుంచే డీటీపీ సాఫ్ట్‌వేర్ మధ్యలో మూసుకుపోతోంది. వాటిని తీసి డెస్క్‌టాప్ మీద వేరే ఫోల్డరులో పెట్టాను. కావాలంటే రేపు ఒక్కొక్కటే వేసి, ప్రతిసారీ తెరిచి చూసుకోండి.

పుస్తకంలా పేజీలు పేర్చే ప్లగిన్‌ను మాత్రం ఉంచాను. అందులో మడత కుడివైపు అని ఎంచుకోండి. ఉర్దూ కార్డును కుడినుంచి తెరుస్తారని నిన్ననే చెప్పాను, మీరు వినిపించుకోలేదు. తెలుగు కార్డులాగే పేర్చి ప్రూఫ్ ఇచ్చారు, కుడినుంచి తెరిస్తే చివరి పేజీ ముందొస్తోంది.

పొద్దున సలాం అన్న వాకిట్లో నిలబడి, "ఏందమ్మా, నిఖా కాకముందే వలీమా విందు తినమంటాండాడు మీ ఆయన!" అని నవ్వాడు. వెంట వచ్చిన బావమరిది మాత్రం నవ్వలేదు. "ఈడ వద్దు బావా, ఇంకోచోట కొట్టిద్దాం పా" అన్నాడు. సాయంత్రందాకా ఆగమని నేనే బతిమాలాను.

ఒక కాగితం మీద ప్రింటు తీసి, మడిచి, కుడినుంచి తిప్పి చూశాకే వాళ్లకు ఫోన్ చేయండి. చారు వేడి చేసుకోండి.

శ్రీవిద్య

ఇంకొకటి. తప్పంతా కంప్యూటర్‌దేనని వాళ్లతో చెప్పాను. మీరు పెద్దమనిషిలా నిజం ఒప్పుకొని నన్ను అబద్ధాలకోరును చేయకండి.